బడ్జెరిగార్

బడ్జెరిగార్ ఆస్ట్రేలియా ఖండానికి చెందిన ఒక చిన్న చిలుక. దీని శాస్త్రీయ నామం మెలోప్సిట్టాకస్ అండ్యులాటస్. దీనిని క్లుప్తంగా బడ్జీ అని కూడా పిలుస్తారు. ఆస్ట్రేలియా మధ్య భాగంలోని పొడి గడ్డిమైదానాలలో ఇవి పెద్ద గుంపులుగా సంచరిస్తూ జీవిస్తాయి. 19వ శతాబ్దం మధ్యకాలం నుండి పెంపుడు పక్షిగా ప్రపంచమంతటా వ్యాపించి, నేడు అత్యధికంగా పెంచబడుతున్న పక్షులలో ఒకటిగా నిలిచింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పట్టణాలలోని పెంపుడు జంతువుల దుకాణాలలో "లవ్ బర్డ్స్" అనే పేరుతో అమ్మబడే రంగురంగుల చిన్న చిలుకలలో అధిక భాగం బడ్జెరిగార్లే. తక్కువ ధరకు దొరకుట వలన వీటి పెంపకం సులభమని చాలామంది భావిస్తారు. కానీ వీటి సహజ జీవన విధానం తెలియకపోవుట వలన అనేక పక్షులు తమ పూర్తి ఆయుర్దాయం జీవించకుండానే మరణిస్తున్నాయి.

పేరు

"బడ్జెరిగార్" అనే పదం ఆస్ట్రేలియా ఆదిమవాసుల భాష నుండి ఇంగ్లీషులోకి వచ్చినది. న్యూ సౌత్ వేల్స్ ప్రాంతానికి చెందిన గమిలరాయ్ భాషలోని పదం దీనికి మూలమని చెబుతారు. శాస్త్రీయ నామంలోని "మెలోప్సిట్టాకస్" అనగా గ్రీకు భాషలో "పాడే చిలుక". "అండ్యులాటస్" అనగా లాటిన్ భాషలో "అలల వంటి చారలు కలది". పక్షి తల వెనుక, రెక్కలపైన ఉండే నల్లని అలల వంటి చారల వలన ఈ పేరు వచ్చింది.

వ్యవహారంలో వీటిని లవ్ బర్డ్స్ అని పిలుస్తున్నప్పటికీ నిజమైన లవ్ బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికా ఖండానికి, మడగాస్కర్ దీవికి చెందిన అగపోర్నిస్ అనే ప్రజాతి పక్షులు. వాటి శరీరం బొద్దుగా, తోక పొట్టిగా, ముక్కు పెద్దదిగా ఉంటాయి. బడ్జెరిగార్ శరీరం సన్నగా, తోక పొడవుగా ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే పంజరంలో ఉంచరాదు. బలమైన ముక్కు గల లవ్ బర్డ్స్ బడ్జెరిగార్లను గాయపరచే ప్రమాదం ఉంది.

చరిత్ర

ఈ పక్షిని 1805లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రవేత్త మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. 1840లో ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ దీనికి మెలోప్సిట్టాకస్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. ఈ ప్రజాతిలో ఇది ఒక్కటే జాతి. గూల్డ్ అదే సంవత్సరం ఆస్ట్రేలియా నుండి తిరిగి వస్తూ, అక్కడ స్థిరపడిన తన బావమరిది ఛార్లెస్ కాక్సెన్ పెంచిన పక్షులను సజీవంగా ఇంగ్లాండుకు తీసుకొనివచ్చాడు. అప్పటి నుండి ఐరోపాలో వీటి పెంపకం మొదలయింది. 1925లో ఇంగ్లాండులో బడ్జెరిగార్ క్లబ్ స్థాపించబడింది. తరువాతి కాలంలో ఇది బడ్జెరిగార్ సొసైటీగా మారింది.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1960 నుండి స్థానిక పక్షుల వాణిజ్య ఎగుమతిని నిషేధించింది. అందువలన ఇతర దేశాలలో నేడు అమ్మబడే బడ్జెరిగార్లు అడవిలో పట్టినవి కావు. అవి అనేక తరాలుగా పంజరాలలో పుట్టి పెరిగిన పక్షుల సంతతి. అయినప్పటికీ వాటి అవసరాలు, భయాలు, అలవాట్లు చాలావరకు అడవి పక్షులవే.

శారీరక లక్షణాలు

అడవి బడ్జెరిగార్ పొడవు సుమారు 18 సెం.మీ., బరువు 30 నుండి 40 గ్రాములు. పోలికకు మన రామచిలుక పొడవు తోకతో కలిపి సుమారు 40 సెం.మీ. ఉంటుంది. పోటీ ప్రదర్శనల కొరకు ఇంగ్లాండులో ఎంపిక చేసి పెంచిన రకాలు అడవి పక్షుల కంటే పెద్దవిగా, బరువుగా ఉంటాయి.

అడవి పక్షి శరీరం లేత ఆకుపచ్చగా, ముఖం పసుపుపచ్చగా ఉంటుంది. వీపు, రెక్కల మీద పసుపు అంచులు గల నల్లని చారలు ఉంటాయి. పొడవైన తోక ఈకలు ముదురు నీలం రంగులో ఉంటాయి. బుగ్గలపై ఊదారంగు మచ్చలు, గొంతుపై వరుసగా నల్లని చుక్కలు ఉంటాయి. పాదానికి గల నాలుగు వేళ్ళలో రెండు ముందుకు, రెండు వెనుకకు తిరిగి ఉంటాయి.

తల మీది పసుపు ఈకలు అతినీలలోహిత కాంతిని గ్రహించి, తిరిగి వెలుగును వెదజల్లుతాయి. ఈ ప్రతిదీప్తి జత ఎంపికలో పాత్ర వహిస్తుందని 2002లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

ముక్కు పైన, నాసికా రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని చర్మపు భాగాన్ని సీర్ అంటారు. ఆడ, మగ పక్షులను గుర్తించుటకు ఇది ముఖ్యమైన ఆధారం.
• ఎదిగిన మగ పక్షి సీర్ సాధారణంగా నీలం రంగులో ఉంటుంది.
• ఆడ పక్షి సీర్ తెలుపు, లేత నీలం లేదా లేత గోధుమ రంగులో ఉండి, గుడ్లు పెట్టే కాలంలో ముదురు గోధుమ రంగుకు మారుతుంది.
• పిల్లలలో ఆడ, మగ రెండింటికీ గులాబీ లేదా ఊదా రంగు కలిసి ఉంటుంది.
• తెలుపు, పసుపు వంటి కొన్ని రంగు రకాలలో ఎదిగిన మగ పక్షికి కూడా సీర్ గులాబీ రంగులోనే ఉండిపోతుంది.

పిల్ల పక్షుల నుదుటి మీద సీర్ వరకు నల్లని చారలు ఉంటాయి. సుమారు 3 నుండి 4 నెలల వయసులో మొదటిసారి ఈకలు రాల్చినప్పుడు ఈ చారలు పోయి నుదురు తేటపడుతుంది. పిల్లల కళ్ళు పూర్తిగా నల్లగా ఉంటాయి. వయసు పెరిగే కొద్దీ చాలా రకాలలో కంటిపాప చుట్టూ తెల్లని వలయం ఏర్పడుతుంది. పక్షిని కొనేవారు దాని వయసును అంచనా వేయుటకు ఈ గుర్తులు ఉపయోగపడతాయి.

ఆవాసం, సంచారం

ఆస్ట్రేలియా లోపలి భాగంలోని పొదల భూములు, గడ్డిమైదానాలు, నీలగిరి చెట్లు వరుసగా పెరిగే ఏటి గట్లు బడ్జెరిగార్ల సహజ ఆవాసం. ఇవి ఒకే చోట స్థిరంగా ఉండవు. వాన పడి గడ్డి గింజలు పండిన చోటికి, నీరు లభించే చోటికి గుంపులుగా తరలిపోతాయి. గుంపు చిన్నదైతే పదుల సంఖ్యలోను, మంచి వానల తరువాత వేల సంఖ్యలోను ఉంటుంది. నీటి మడుగుల వద్ద ఇవి ఆకుపచ్చని మేఘం వలె ఒక్కసారిగా దిగి, తాగి, మరల లేస్తాయి. డేగల నుండి రక్షణకు ఈ గుంపు జీవనమే ఆధారం.

తీవ్రమైన ఎండలు వీటికి పెద్ద శత్రువు. 1932 జనవరిలో మధ్య ఆస్ట్రేలియాలోను, 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోను ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటినప్పుడు వేల సంఖ్యలో బడ్జెరిగార్లు మరణించాయి. ఎడారి పక్షి కనుక ఎంత వేడినైనా తట్టుకొంటుందనే అభిప్రాయం సరికాదని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో తప్పించుకొనిన, విడిచిపెట్టబడిన పక్షులు 20వ శతాబ్దంలో పెద్ద సంఖ్యలో స్థిరపడినా, తరువాత ఆ సంతతి బాగా క్షీణించింది. మొత్తం మీద ఈ జాతికి ప్రమాదం లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని "తక్కువ ఆందోళన" వర్గంలో చేర్చింది.

ఆహారం

అడవిలో వీటి ప్రధాన ఆహారం నేలమీద, నేలకు దగ్గరగా పెరిగే గడ్డి గింజలు. స్పినిఫెక్స్, మిచెల్ గడ్డి మొదలైన వాటి గింజలను ఇష్టంగా తింటాయి. గింజను ముక్కుతో ఒలిచి, పొట్టును వదిలి, లోపలి పప్పును మాత్రమే మింగుతాయి. రోజులో అధిక భాగం ఆహారం వెదుకుతూ ఎగురుటలోనే గడుస్తుంది.

సంతానోత్పత్తి

అడవి పక్షులు సంతానోత్పత్తికి ఋతువు కంటే వానకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాయి. సాధారణంగా ఉత్తర ఆస్ట్రేలియాలో జూన్ నుండి సెప్టెంబరు వరకు, దక్షిణాన ఆగస్టు నుండి జనవరి వరకు గూళ్ళు కడతాయి. చెట్టు తొర్రలే వీటి గూళ్ళు. గడ్డి, ఈకలు పరచవు. తొర్రలోని చెక్కపొడి మీదనే గుడ్లు పెడతాయి.

ఆడ పక్షి రోజు విడిచి రోజు ఒక్కొక్కటిగా 4 నుండి 6 తెల్లని గుడ్లు పెడుతుంది. ఆడ పక్షి మాత్రమే పొదుగుతుంది. ఆ సమయంలో మగ పక్షి దానికి ఆహారం తెచ్చి నోటికి అందిస్తుంది. సుమారు 18 రోజులకు గుడ్లు పగులుతాయి. పిల్లలు ఈకలు లేకుండా, కళ్ళు తెరవకుండా పుడతాయి. గుడ్లు వేరు వేరు రోజులలో పగులుట వలన ఒకే గూటిలో పెద్ద పిల్లలు, చిన్న పిల్లలు కలిసి ఉంటాయి. సుమారు 5 వారాలకు పిల్లలు గూడు విడిచి బయటకు వస్తాయి.

రంగులు, వంశపారంపర్యం

పెంపుడు బడ్జెరిగార్లలో ఆకుపచ్చతో పాటు నీలం, పసుపు, తెలుపు, బూడిద, ఊదా మొదలైన అనేక రంగులు కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే జాతి పక్షులు. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో పసుపు, నీలం రకాలు ఐరోపాలోని పంజరాలలో స్థిరపడ్డాయి.

ఈ పక్షి ఈకలలో పసుపు వర్ణకం ఉంటుంది. దానికి ఈక యొక్క సూక్ష్మ నిర్మాణం వలన కలిగే నీలం రంగు తోడై ఆకుపచ్చగా కనిపిస్తుంది. పసుపు వర్ణకం తయారుకాని పక్షి నీలంగా కనిపిస్తుంది. ఈ వర్ణకం తయారీకి కారణమైన జన్యువును 2017లో సెల్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో గుర్తించారు.

ఆకుపచ్చ బహిర్గత లక్షణం, నీలం అంతర్గత లక్షణం. నీలం జన్యువును లోపల దాచుకొన్న రెండు ఆకుపచ్చ పక్షులు జతకడితే, సగటున ప్రతి నాలుగు పిల్లలలో ఒకటి నీలంగా పుడుతుంది. మెండెల్ సిద్ధాంతాన్ని విద్యార్థులకు వివరించుటకు ఇది చక్కని ఉదాహరణ.

మాటలు, తెలివితేటలు

బడ్జెరిగార్ నిత్యం సన్నని కిచకిచలతో కూడిన పాట వంటి ధ్వని చేస్తుంది. మగ పక్షులు మనుషుల మాటలను బాగా అనుకరించగలవు. ఆడ పక్షులలో ఈ శక్తి తక్కువ. 1994లో మరణించిన పక్ అనే అమెరికా బడ్జెరిగార్ 1,728 పదాలు పలికినట్లు గిన్నిస్ రికార్డులలో నమోదయింది. ఇంగ్లాండుకు చెందిన స్పార్కీ విలియమ్స్ అనే పక్షి 1958లో బీబీసీ నిర్వహించిన మాట్లాడే పక్షుల పోటీలో గెలిచింది. అది 1962లో మరణించిన తరువాత దాని శరీరాన్ని న్యూకాజిల్ లోని మ్యూజియంలో భద్రపరచారు.

మగ పక్షి ఆహారపు పెట్టెను తెరిచే నేర్పును చూసిన ఆడ పక్షులు, తాము మొదట ఇష్టపడని ఆ మగ పక్షి వైపు మొగ్గు చూపినట్లు 2019లో ఒక ప్రయోగంలో తేలింది. ఎదురెదురుగా ఎగిరే బడ్జెరిగార్లు ఢీకొనకుండా ఎప్పుడూ తమ కుడివైపుకే తప్పుకొంటాయని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో కనుగొన్నారు. ఈ బృందంలో భారత సంతతికి చెందిన మాండ్యం శ్రీనివాసన్ కూడా ఉన్నారు.

పెంపకం

మంచి సంరక్షణలో బడ్జెరిగార్ సాధారణంగా 5 నుండి 10 సంవత్సరాలు జీవిస్తుంది. లండన్‌లో 1977లో మరణించిన ఛార్లీ అనే పక్షి 29 సంవత్సరాలకు పైగా జీవించి రికార్డు సృష్టించింది. పెంపకంలోని నియమాలన్నీ పైన చెప్పిన సహజ జీవనం నుండే వస్తాయి.

తోడు: ఇది గుంపు పక్షి. ఒంటరిగా ఉంచితే దిగులుపడుతుంది, ఈకలు పీక్కొనే అలవాటు కూడా రావచ్చు. కనీసం రెండు పక్షులు కలిసి ఉండుట మంచిది. ఒక్క పక్షినే పెంచేవారు రోజూ చాలా సమయం దానితో గడపవలసి ఉంటుంది.

పంజరం: ఇవి అడ్డంగా ఎగిరే పక్షులు కనుక పంజరం ఎత్తు కంటే పొడవు ముఖ్యం. గుండ్రని పంజరాలు పనికిరావు. ఊచల మధ్య ఎడం 12 మి.మీ. కంటే ఎక్కువ ఉండరాదు. లేనిచో తల ఇరుక్కొనే ప్రమాదం ఉంది. కూర్చొనుటకు ఒకే మందం గల ప్లాస్టిక్ కడ్డీలకు బదులు వేప, జామ వంటి చెట్ల కొమ్మలను వేరు వేరు మందాలలో అమర్చాలి. తుప్పు పట్టిన లేదా పూత రాలే తీగలను కొరికితే లోహ విషం సోకుతుంది.

ఆహారం: వరిగలు, కొర్రలు, సామలు వంటి చిరుధాన్యాలు ఇవ్వవచ్చు. పొద్దుతిరుగుడు గింజలలో కొవ్వు ఎక్కువ కనుక అరుదుగా మాత్రమే ఇవ్వాలి. గింజలు మాత్రమే తినే పక్షికి విటమిన్ ఏ, కాల్షియం, అయోడిన్ లోపాలు వస్తాయి. అందుచేత కడిగిన పాలకూర, కొత్తిమీర, తోటకూర, క్యారెట్ తురుము రోజూ కొద్దిగా పెట్టాలి. కాల్షియం కొరకు సముద్రఫేనం పంజరానికి తగిలించాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు వేసిన చిరుతిళ్ళు వీటికి హానికరం.

పెంపకందారులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. పక్షి ఒలిచిన పొట్టు తిరిగి గిన్నెలోనే పడుతుంది. గిన్నె నిండుగా ఉన్నట్లు కనిపిస్తుంది కానీ లోపల గింజలు ఉండవు. 30 గ్రాముల పక్షికి ఆకలిని తట్టుకొనే నిల్వలు చాలా తక్కువ. ప్రతిరోజూ పొట్టును ఊది తీసి, గింజలు ఉన్నాయో లేవో చూడాలి. నీటిని కూడా ప్రతిరోజూ మార్చాలి.

ఎండ: మన రాష్ట్రాలలో ఏప్రిల్, మే నెలలలో రేకుల కప్పు కింద, ఎండ పడే బాల్కనీలో పంజరం ఉంచరాదు. పక్షి నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలను శరీరానికి దూరంగా పెట్టి ఉంటే అది వడదెబ్బకు సూచన. వెంటనే చల్లని నీడకు మార్చాలి. స్నానానికి వెడల్పాటి పళ్ళెంలో తక్కువ లోతు నీరు ఉంచాలి.

ఇంటిలోని ప్రమాదాలు: పక్షుల ఊపిరితిత్తులు చాలా సున్నితమైనవి. ఎక్కువగా వేడెక్కిన నాన్‌స్టిక్ పెనం నుండి వెలువడే వాయువు నిమిషాలలో పక్షిని చంపగలదు. అగరుబత్తి, దోమల కాయిల్, బాణసంచా పొగలకు పంజరాన్ని దూరంగా ఉంచాలి. పక్షిని గదిలో విడిచే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపి, తలుపులు, కిటికీలు మూయాలి.

నిద్ర: రాత్రి 10 నుండి 12 గంటల చీకటి, నిశ్శబ్దం అవసరం. అర్ధరాత్రి వరకు దీపాలు, టెలివిజన్ ఉండే గది దీనికి అనుకూలం కాదు.

గూడు కుండలు: మన దేశంలో పంజరంలో చిన్న మట్టి కుండలను గూళ్ళుగా కడతారు. చీకటిగా ఉండే కుండను చూడగానే ఆడ పక్షి గుడ్లు పెట్టుటకు సిద్ధపడుతుంది. కుండ సంవత్సరమంతా ఉంటే విరామం లేకుండా గుడ్లు పెడుతూ శరీరంలోని కాల్షియం కోల్పోతుంది. చివరికి గుడ్డు లోపలే అడ్డుపడి మరణించవచ్చు. అడవిలో కరువు కాలం ఆడ పక్షికి విశ్రాంతినిస్తుంది. పంజరంలో ఆ విశ్రాంతిని పెంపకందారుడే ఇవ్వాలి. రెండు విడతల పిల్లల తరువాత కుండను తీసివేసి కొన్ని నెలలు ఆగుట మంచిది. పిల్లలు అవసరం లేనివారు కుండ కట్టకుండా ఉండుటే మేలు.

వ్యాధులు

గుంపులో బలహీనంగా కనిపించే పక్షిని డేగ సులభంగా గుర్తిస్తుంది. అందువలన బడ్జెరిగార్ తన అనారోగ్యాన్ని చివరి వరకు దాచుకొంటుంది. యజమాని గమనించే సమయానికి వ్యాధి ముదిరి ఉంటుంది. ఈకలు ఉబ్బించుకొని పగలు కూడా నిద్రపోవుట, పంజరం అడుగున కూర్చొనుట, శ్వాసతో పాటు తోక ఊగుట, రెట్ట రంగు మారుట, బరువు తగ్గుట ప్రమాద సూచనలు. వంటింటి చిన్న తూకంతో వారానికి ఒకసారి బరువు చూసుకొంటే వ్యాధిని ముందుగా పసిగట్టవచ్చు.

• ముఖపు గజ్జి: సూక్ష్మమైన పురుగుల వలన ముక్కు, సీర్, కాళ్ళ మీద తేనెపట్టు వంటి పొక్కులు కడతాయి. పశువైద్యుడు ఇచ్చే మందుతో పూర్తిగా నయమవుతుంది.
• సిట్టకోసిస్: క్లమిడియా సిట్టసి అనే బాక్టీరియా వలన కలుగుతుంది. ఎండిన రెట్ట ధూళి ద్వారా మనుషులకు కూడా సోకి జ్వరం, న్యుమోనియా కలిగించవచ్చు. పంజరాన్ని పొడిగా ఊడ్వకుండా తడిపి శుభ్రం చేయాలి, తరువాత చేతులు కడుక్కోవాలి. పక్షులు పెంచేవారు జ్వరంతో వైద్యుని వద్దకు వెళితే ఆ విషయం తప్పక చెప్పాలి.
• స్థూలకాయం, కొవ్వు కణితులు: కొవ్వు గల గింజలు, ఎగిరే అవకాశం లేకపోవుట దీనికి కారణాలు.
• గాయిటర్: అయోడిన్ లోపం వలన గొంతులోని గ్రంథి ఉబ్బి, శ్వాసలో ఈల వంటి శబ్దం వస్తుంది.

కొత్తగా తెచ్చిన పక్షిని కొన్ని వారాలు వేరే గదిలో ఉంచిన తరువాతనే పాత పక్షులతో కలపాలి.

చట్టపరమైన అంశాలు

చిలుక జోస్యం చెప్పేవారి వద్ద కనిపించే రామచిలుకతో సహా భారతదేశపు అడవి చిలుకలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని పట్టుట, అమ్ముట, పంజరంలో ఉంచుట నేరం. 2022లో ఈ చట్టం సవరించబడి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. బడ్జెరిగార్ విదేశీ జాతి. వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైట్స్ అనుబంధాలలో చేర్చబడని కొద్ది చిలుక జాతులలో ఇది ఒకటి. అందువలననే దీని పెంపకం మన దేశంలో బహిరంగంగా సాగుతున్నది.

పెంచలేక, లేదా జాలితో, పంజరం తలుపు తీసి విడిచిపెట్టుట ఈ పక్షికి మేలు చేయదు. తరతరాలుగా పంజరంలో పుట్టిన ఈ పక్షికి ఇక్కడ గుంపు లేదు, ఆహారం వెదుకుట తెలియదు. ప్రకాశవంతమైన రంగుల వలన కాకులు, గద్దలకు త్వరగా చిక్కుతుంది. పెంచలేనివారు దానిని అనుభవం గల పెంపకందారునికి అప్పగించుట సరైన పద్ధతి.

మరికొన్ని విశేషాలు

• బ్రిటన్ మాజీ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ టోబీ అనే బడ్జెరిగార్‌ను పెంచాడు. 1961లో అది మాంటే కార్లోలోని హోటల్ కిటికీ గుండా ఎగిరిపోయింది.
• ఒక బడ్జెరిగార్ ఆవులిస్తే దానిని చూసిన మరొక పక్షి కూడా ఆవులిస్తుందని 2015లో ప్రయోగాలు చూపించాయి.
• వంశవృక్షంలో దీనికి దగ్గరి బంధువులు మకరందం తాగే లోరీ చిలుకలు, అత్తి చిలుకలు.